చంక మందు

పొద్దున్నే కాఫీలో కర్పూరం వాసన వచ్చింది.

రాజ్యలక్ష్మమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, వంటింట్లోకి తొంగి చూసింది. స్టవ్వు మీద చిన్న గిన్నెలో ఏదో కరుగుతోంది. కోడలు శ్రీవాణి దాని ముందు నిలబడి గరిటెతో మెల్లగా తిప్పుతోంది. పాలగిన్నె పక్కనే కర్పూరం డబ్బా మూత తీసి ఉంది.

"ఏమే, ఇది కాఫీనా, గుళ్ళో తీర్థమా?"

"ఏమయింది అత్తా?"

"తాగి చూడు. ఇంగ తులసాకు ఒగటే తక్కువ."

శ్రీవాణి గ్లాసు అందుకుని వాసన చూసి నాలుక కరుచుకుంది. "గరిటె మారిపాయె. ఇంగో గ్లాసు కలుపుతా, ఉండండి."

"వద్దులేమ్మా. నీ కషాయం దించినాక స్టవ్వు ఖాళీ అయితే నేనే పెట్టుకుంటా. ఈ ఇంట్లో నాకు స్టవ్వు దొరకడమే కష్టంగా ఉండాది."

ఆ కషాయానికి ఇంట్లో పెట్టిన పేరు చంక మందు. ఆ పేరు పెట్టింది రాజ్యలక్ష్మమ్మే. శ్రీవాణి ఏదో పేపరు ఆడవాళ్ళ పేజీలో చూసిందట. చెమట వాసన రాకుండా చంకల కింద పూసుకునేది, ఇంట్లోనే చేసుకోవచ్చునట. కొబ్బరి నూనె, వంటసోడా, ఆరారూట్ పిండి, చిటికెడు కర్పూరం, వట్టివేరు నానబెట్టిన నూనె. మే నెలలో రాయచోటి ఎండకు కొబ్బరి నూనె గడ్డకట్టే మాటే లేదు గనుక, అది నిలబడేదానికి తేనెమైనం కరిగించి కలపాలి. మైనం గిన్నెకు అంటుకుంటే వేడినీళ్ళకు పోదు, బూడిదకు పోదు. రాజ్యలక్ష్మమ్మ పోపు వేసే గిన్నె ఒకటి అట్లా పోయింది. ఇంకొకటి పోయే దారిలో ఉంది.

అందులో పడేవన్నీ ఇంటి సరుకులే. బజారులో రాజ్యలక్ష్మమ్మ మొగుడు నాగసుబ్బయ్యది పచారీ అంగడి. పప్పుల దగ్గర నుంచి శొంఠి, పిప్పళ్ళ దాకా అన్నీ అమ్ముతాడు. కొడుకు రాఘవేంద్రప్రసాద్ కూడా అక్కడే కూర్చుంటాడు. పెండ్లాం అడిగిందని వట్టివేరు కట్టలు మోసుకొచ్చేది వాడే. అది రాజ్యలక్ష్మమ్మకు ఇంకో మంట.

"మా," అన్నాడు రాఘవ తల తుడుచుకుంటూ వచ్చి. "ఉదయ మళ్ళా ఫోన్ చేసింది. శ్రీమంతానికి బస్సుకు వస్తారా, జీపు మాట్లాడుకుంటారా అని అడుగుతాంది."

"నాకు మోకాళ్ళు నొస్తాండాయి నాయనా."

"నిన్న వడియాలు పెట్టేదానికి మిద్దె ఎక్కితివి గదా."

"ఎక్కినా కాబట్టే నొస్తాండాయి."

నాగసుబ్బయ్య పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన మాటకు మాట పెంచే మనిషి కాదు. బ్లేడు నీళ్ళలో ముంచి, అద్దంలోంచే అన్నాడు. "కన్నతల్లి లేకుండా బిడ్డకు ఒడి ఎవరు నింపుతారు?"

"మీ చెల్లెలు నింపుతాది. ఆయమ్మకు నాకంటే బాగా వచ్చు."

"ఉదయ ఒప్పుకుంటుందా అత్తా?" అంది శ్రీవాణి గిన్నె దించుతూ.

"నువ్వు నీ గిన్నె చూసుకోమ్మా. అది మాడితే ఈ ఇల్లు వదిలిపెట్టి పోవాల్సి వస్తాది."

రాఘవ తువ్వాలు దండెం మీద విసిరేసి అంగడికి పోయాడు. చెల్లెలు ఉదయశ్రీ అంటే వాడికి ప్రాణం. ప్రొద్దుటూరిలో ఇచ్చారు, తొలి కాన్పు. ఏడో నెలలో శ్రీమంతం. అమ్మ రానంటే వాడికి అర్థం కావడం లేదు. అర్థమయ్యేట్లు చెప్పడం రాజ్యలక్ష్మమ్మ వల్ల కావడం లేదు.

మోకాళ్ళు మంచివి. ఎదురు చెప్పవు. అసలు సంగతి వేరే.

యాభై దాటినాక, నెలనెలా వచ్చేది నిలిచిపోయినాక, ఆమె ఒంట్లో ఏదో పొయ్యి వెలిగింది. ఊరికే కూర్చున్నా కడుపులోంచి సెగ లేచి తలదాకా పోతుంది. ఆ వెంబడే చెమట. రవికె తడిసి ముద్దయిపోతుంది. రెండు పూటలా నీళ్ళు పోసుకుంటుంది, సున్నిపిండి రుద్దుకుంటుంది. బయటికి వచ్చి కొంగు సర్దుకునేలోగా మళ్ళీ మొదలు. చెమట పట్టినా పరవాలేదు, ఎండాకాలంలో అందరికీ పడుతుంది. కానీ ఇది వెనకటి చెమట కాదు. దీని వాసన ఆమెకే కొత్త.

ఆ సంగతి ఆమెకు పూర్తిగా తెలిసింది ఈ మధ్యనే, ప్రొద్దుటూరిలో, ఉదయశ్రీ మరిది నిశ్చితార్థం రోజు. గంధం గిన్నె ఆమె చేతికిచ్చి ముత్తైదువలకు పూయమన్నారు. మొదట వియ్యంపురాలి దగ్గరికి పోయింది. మెడకు గంధం పూయాలంటే దగ్గరికి వంగాలి, చేయి ఎత్తాలి. ఎత్తింది. వియ్యంపురాలు ముఖం పక్కకు తిప్పుకుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఏదో పొడి పడి తుమ్ము వచ్చినట్టు చేసింది. తుమ్ము రాలేదు.

ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే రాజ్యలక్ష్మమ్మ తిరిగి ఏదో అనుండేది. అనలేదు గనుక ఆ ముఖమే కండ్లల్లో నిలిచిపోయింది. అప్పటినుంచి వాసవమ్మ గుళ్ళో భజనకు పోవడం మానేసింది. ఎవరైనా ఇంటికొస్తే స్తంభానికి ఆ పక్కన నిలబడి మాట్లాడుతుంది. మొగుడితో చెప్పలేదు. ఏమని చెప్తుంది, నేను గబ్బు కొడతాండానా అని అడుగుతుందా. ఆయన కాదంటే నమ్మదు, అవునంటే బతకదు.

ఇక శ్రీమంతంలో కన్నతల్లే గంధం గిన్నె పట్టుకోవాలి. ప్రొద్దుటూరు ముత్తైదువలందరి మెడల దగ్గరా చేయెత్తాలి. అందరూ కొంగులు ముక్కుకు పెట్టుకుంటే, మధ్యలో పీట మీద కూర్చున్న తన బిడ్డ ముఖం ఏమవుతుంది. పోకపోతే తల్లి రాలేదని ఆ పిల్లకు జన్మంతా మాట. పోతే ఇంకో మాట. ఏ మాట తేలికో తేల్చుకోలేక ఆమె పొద్దస్తమానం కోడలి మీద విరుచుకుపడుతోంది.

శ్రీవాణి ఆ మందును పాత స్నో సీసాలో పోసి స్నానాల గదిలో గూట్లో పెడుతుంది. తన గదిలో పెట్టుకోవచ్చు కదా అని రాజ్యలక్ష్మమ్మ రెండు మాట్లు అడిగింది. అక్కడ వేడికి కరిగిపోతుందట, ఇక్కడ చల్లగా ఉంటుందట.

ఒక మధ్యాహ్నం రాజ్యలక్ష్మమ్మ నీళ్ళు పోసుకుని ఒళ్ళు తుడుచుకుంటుంటే ఆ సీసా కంటబడింది. కంటబడింది అనడం తప్పు. కొన్నాళ్ళుగా రోజూ కంటబడుతూనే ఉంది. తలుపు గడియ ఇంకోసారి చూసింది. మూత తీసి వేలికొనతో ఇంత తీసుకుని పూసుకుంది. వేలు పడిన చోట పైపైన చదును చేసి, మూత ఎట్లా ఉండిందో అట్లానే పెట్టింది.

సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉంది. చెమట పట్టింది గానీ వాసన లేదు. కొత్త కుండలో వట్టివేరు వేసిన నీళ్ళ వాసన మాత్రం సన్నగా వస్తోంది. పక్కింటి మద్దమ్మ మజ్జిగ అడగడానికి వస్తే, ఆ రోజు స్తంభం ఈ పక్కకు వచ్చి ఇచ్చింది. మద్దమ్మ నిలబడి చాలాసేపు మాట్లాడి పోయింది. ముక్కు ముట్టుకోలేదు.

మరుసటి రోజు ఇంకొంచెం తీసుకుంది. ఆ తర్వాత అది రోజువారీ అయిపోయింది. చెయ్యి దొంగతనం చేస్తుంటే నోరు ఊరుకోదు కదా, ఆ నోటితో ముందుకంటే ఎక్కువ తిట్టేది.

"కొబ్బరి నూనె డబ్బా అడుగు కనపడతాంది. తలకు పూసుకునేదానికా ఇది, చంకలకా?"

"అయిపోతే మామతో చెప్పి తెప్పిస్తాలే అత్తా."

"మామకు ఏం, అంగడి నిండా సరుకు. చంకలకు పోసినా పట్టించుకోడు."

శ్రీవాణి తల వంచుకుని నవ్వుకునేది. ఆ నవ్వు రాజ్యలక్ష్మమ్మకు పొగరుగా కనిపించేది.

తర్వాతి విడత మందు మంట పెట్టింది. పూసుకున్న మొదటి రోజు చురచురమంది. రెండో రోజుకు చంకలు ఎర్రగా కంది, రవికె రాసుకుంటే ప్రాణం పోతోంది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. అరవడానికి లేదు, అడగడానికి లేదు. కోడిపెట్ట రెక్కలు విప్పుకున్నట్టు చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని ఇల్లంతా తిరిగింది.

"చేతులట్ల పెట్టుకుని నడుస్తాండారేమత్తా?"

"గాలికి."

శ్రీవాణి బియ్యం ఏరుతూ, చాట్లో బియ్యంతో చెప్పినట్టు చెప్పింది. "ఈ మాటు సోడా ఎక్కువైనట్టుండాది. నాకు గూడా మండుతాంది. సోడా తగ్గించి పటిక పొడి వేస్తే మంట పెట్టదంట. అందాకా ఉత్త కొబ్బరి నూనె పూస్తే తగ్గుతాది."

ఆ సాయంత్రం స్నానాల గది గూట్లో సీసా లేదు. దాని చోట గిన్నెలో కొబ్బరి నూనె ఉంది. రాజ్యలక్ష్మమ్మ అదీ పూసుకుంది. ఈ పిల్ల పెట్టిన చోట పెట్టినట్టు ఉంచదు, అన్నీ పారేసుకుంటుంది, మన మంచికే అనుకుంది.

కొత్త విడత వచ్చింది. అది వెన్నలాగా ఉంది. మంట లేదు, మరక లేదు, చెమట కూడా సగానికి తగ్గింది. ఒక శుక్రవారం ఆమె భజనకు పోయి వరసలో మధ్యలో కూర్చుని వచ్చింది. ఆ రాత్రి ఉదయశ్రీ ఫోన్ చేసి, "మా, నువ్వు రాకుంటే నేను పీట మీద కూచోను," అని ఏడ్చింది.

"ఏడవద్దు. వస్తాలే. మోకాళ్ళు కొంచెం తగ్గినాయి."

రాఘవ ఆ మాట విని భోజనం మధ్యలో ఎంగిలి చేత్తోనే లేచి పోయి, జీపు మాట్లాడాల్నా బస్సా అని మళ్ళీ అడిగాడు. నాగసుబ్బయ్య మజ్జిగ పోయించుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. సంతోషం వస్తే ఆయన ఒక ముద్ద ఎక్కువ తింటాడు.

అమావాస్య రోజు మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా పెరట్లో వెతుకుతున్నాడు. నీళ్ళ తొట్టి గట్టు చూశాడు, గట్టు వెనక చూశాడు, వంగి తులసికోట కింద కూడా చూశాడు.

"ఏం పోయింది?" అంది రాజ్యలక్ష్మమ్మ విస్తరి వేస్తూ.

"ఈడ గట్టు మీద పటిక పెట్టింటి. ఎవరన్నా తీసినారా?"

శ్రీవాణి పప్పుగిన్నె పట్టుకుని వచ్చింది. "ఆ పెద్ద గడ్డా మామా? మీరు గడ్డం గీసుకున్నాక రుద్దుకునేది అనుకుంటి."

"గడ్డం పటిక సబ్బుపెట్టెలో ఉండాది గదమ్మా, చింతగింజంత. ఇది అంగడి వాకిట్లోది. దిష్టి పటిక."

రాజ్యలక్ష్మమ్మ చేయి విస్తరి మీదే ఆగిపోయింది.

బజారులో ప్రతి అంగడికీ గుమ్మం మీద నల్లగుడ్డలో పటిక గడ్డ వేలాడుతుంది. వచ్చిన కన్ను, పోయిన కన్ను, సరుకు చూసి కుళ్ళుకున్న కన్ను, అన్నీ దానికి తగలాలి, అంగడికి తగలకూడదు. ఏడాదంతా అట్లా కండ్లు తాగినాక దాన్ని దించి, గుడ్డ కాల్చేసి, అమావాస్య నాడు నీళ్ళలో పడేసి కొత్తది కడతారు. నాగసుబ్బయ్య ముందుగానే దించి, గుడ్డ కాల్చి, ఉత్త గడ్డను ఇంటికి తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు. ఆయన ఏదీ చెప్పడు.

"ఏం చేసినావమ్మా దాన్ని?"

"దంచి జల్లెడ పట్టి..." శ్రీవాణి గొంతు తగ్గింది. "మందులో కలిపినా మామా."

"అయ్యో నా తల్లీ," అని రాజ్యలక్ష్మమ్మ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. "బజారు దిష్టంతా తెచ్చి నా చంకల్లో పెడితివి గదే."

అప్పుడే లోపలికి వస్తున్న రాఘవ చెప్పులు విడిచిన చోటే ఆగిపోయాడు.

"ఎవరి చంకల్లో?" అన్నాడు.

నాగసుబ్బయ్య పెండ్లాం వైపు చూశాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారని వింటి. చంకలు తడుముకునేది ఈ పొద్దే చూస్తాండా."

రాఘవకు నవ్వు ఆగలేదు. గోడకు ఆనుకుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు. రాజ్యలక్ష్మమ్మ ముఖం ఎర్రబడింది. ఇక మిగిలింది కోపం ఒక్కటే.

"నవ్వండి, అందరూ నవ్వండి. అవును, పూసుకున్నా. నా ఇంట్లో నూనె, నా ఇంట్లో సోడా. ఇంతగా దాచుకోవాల్సినదైతే నీ గదిలో పెట్టుకోవాల్సింది."

శ్రీవాణి నవ్వలేదు. "దాచలేదత్తా. మీరు పూసుకుంటాండారని నాకు తెలుసు. అది మీకోసమే చేసినా."

ఆ మాట దిష్టి కంటే ఎక్కువగా తగిలింది.

"నాకోసమా? అంటే నేను గబ్బు కొడతాండానని నీకు ముందే తెలుసు."

"అత్తా..."

"తెలుసునా లేదా?"

శ్రీవాణి పప్పుగిన్నె కింద పెట్టింది. "తెలుసు. మీ రవికెలు నేనే పిండి ఆరేస్తాండా గదా. తెలీకుండా ఎట్లుంటాది."

"విన్నారా?" అంది రాజ్యలక్ష్మమ్మ మొగుడితో. "కోడలు రవికెలు వాసన చూసి మందు కాస్తాంది. ఊరంతా ఎందరికి చెప్పినావే? మీ యమ్మకు చెప్పింటావు. ఫోనులో ఇద్దరూ నవ్వుకోనింటారు. ఆయమ్మకు ఇది పండగే. పెండ్లిలోనే నా పక్కన నిలబడేదానికి నామోషీ పడిన మనిషి. నాతో ఒక్క ఫొటోలో ఉండాదా? మూడేండ్లయె, ఈ గడప తొక్కిందా? కడపోళ్ళమని గర్వం. రాయచోటి అంగడోళ్ళ పక్కన నిలబడితే చీర మాసిపోతాదని."

"మా, ఊరుకో," అన్నాడు రాఘవ.

"చెప్పనీండి," అంది శ్రీవాణి. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంది. "అత్తా, మా యమ్మకు గర్వం లేదు. మా యమ్మకూ ఇదే."

"ఏదే?"

"ఈ చెమటే. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచి. మా పిన్నమ్మ ఒగ పేరంటంలో అందరి ముందరా అనేసింది, అక్కా దూరం జరుగు అని. నవ్వుతానే అనింది. అంతే. ఆ పొద్దు నుంచి మా యమ్మ పేరంటం మానుకుంది, గుడి మానుకుంది. నా పెండ్లిలో కన్యాదానానికి పీటల మీద కూచుని, అయిన వెంటనే లేచి వంటశాలలోకి పాయె. అక్షింతలు గూడా వాకిట్లో నుంచి వేసింది. మీ పక్కన నిలబడితే మీరు ముక్కు మూసుకుంటారని భయం. వియ్యంపురాలు ముక్కు మూసుకుంటే రేపు బిడ్డకు మాట వస్తాదని. నన్ను అత్తారింట్లో దించేదానికి గూడా రాకపాయె. మీరు దాన్ని గర్వమనుకున్నారు. అనుకోనీలే, వాసనకంటే గర్వమే మేలని నాతో అనింది."

రాజ్యలక్ష్మమ్మ చంకల్లోంచి చేతులు తీసేసింది.

"నాకు అప్పుడు తెలుసు, అయినా ఏమీ చేయలేదత్తా. మాయమ్మతో ఆ మాట ఎత్తేదానికి సిగ్గు. మీరు ప్రొద్దుటూరు నుంచి వచ్చినాక మోకాళ్ళు మోకాళ్ళు అంటాంటే, అట్లనే తలుపేసుకుంటారేమోనని బెదురు పుట్టింది. చెప్తే మీరు పూసుకోరు. అందుకే చెప్పలేదు. గూట్లో పెట్టి, మిమ్మల్ని దొంగతనం చేయనిస్తి."

రాజ్యలక్ష్మమ్మ గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మంచం మీద కూర్చుంటే ఆ కళ్యాణమండపం కండ్లముందుకు వచ్చింది. మూడేండ్లుగా ఎన్నోసార్లు వచ్చిన దృశ్యమే. వంటశాల వాకిట్లో శ్రీవాణి తల్లి సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. కొంగుతో ముఖం, మెడ మాటిమాటికీ తుడుచుకుంటోంది. ఇటు చూసి, తాను చూడగానే తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం గురించి రాజ్యలక్ష్మమ్మ చుట్టాలందరికీ చెప్పింది. వియ్యంపురాలికి ఎంత పొగరో చూడండని నవ్వించి నవ్వించి చెప్పింది. కోడలు విందో లేదో చూసుకోలేదు. వినే ఉంటుంది. ఈ ఇంట్లో గోడలు సన్నం.

వంటశాల వాకిట్లో నుంచి ఆయమ్మ చూసింది తనను కాదు. బిడ్డ మెడలో తాళి పడుతుంటే దూరం నుంచి చూసింది. ఆ ఒక్కటీ దగ్గర నుంచి చూసుకోలేకపోయింది. తన ప్రొద్దుటూరు వియ్యంపురాలు తనకు చేసిన పనే, ముక్కు మూసుకోకుండానే, తాను ఆయమ్మకు చేసేసింది. రాజ్యలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెమట పట్టింది. తుడుచుకోలేదు.

కాసేపటికి తలుపు అవతల నాగసుబ్బయ్య దగ్గాడు.

"రాజ్యం."

లోపల మంచం కిర్రుమంది.

"ఆ పటికను నీళ్ళలో వేయాలనే గదా దించింది. నువ్వు రెండు పూటలా నీళ్ళు పోసుకుంటాండావు. దిష్టి ఎప్పుడో మోరీలో పోయింటాది. బయటికి రా. అన్నం సల్లారి పోతాంది."

ఇంత పొడుగు మాట ఆయన ఈమధ్య కాలంలో మాట్లాడలేదు. ఏడుపులోనే ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు తనమీద తనకే విసుగొచ్చి, ముఖం తుడుచుకుని గడియ తీసింది.

శ్రీవాణి వంటింటి గడప మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. రాజ్యలక్ష్మమ్మ పోయి ఆమె పక్కనే, అదే గడప మీద, భుజం తగిలేట్టు కూర్చుంది. ఇద్దరు కూర్చునే వెడల్పు ఆ గడపకు లేదు.

"తిట్టేది తిట్టేస్తి," అంది. "ఇంగ మీ యమ్మకు ఫోన్ కలుపు."

"ఎందుకత్తా?"

"కలపమంటే కలపాల. అన్నీ చెప్పి చేస్తాండావా నువ్వు?"

ఫోను మోగి మోగి, చివరకు అటు సుబ్బరత్నమ్మ గొంతు బెదురుబెదురుగా పలికింది.

"వదినా, నేను రాయచోటి నుంచి. అంతా బాగుండాం. ఉదయకు శ్రీమంతం చేస్తాండాం ప్రొద్దుటూర్లో. నువ్వు రావాల."

"అయ్యో, సంతోషం వదినా. నాకు కుదిరేట్టు లేదు. ఆవకాయ పెట్టుకుంటాండా."

"ఆవకాయ మీద మూత పెట్టి రా."

"అట్ల కాదు వదినా. జనంలోకి వచ్చే అలవాటు తప్పిపోయింది నాకు."

"నాకూ తప్పిపోతాండె," అంది రాజ్యలక్ష్మమ్మ. "నీ బిడ్డ తప్పిపోనీలేదు. ఆ పిల్ల నా స్టవ్వు ఎక్కి కూచుని, నా గిన్నెలన్నీ పాడుచేసి ఒగ మందు చేసింది. నీకూ తెస్తా. నువ్వు రాకుంటే మేమే కడపలో దిగి నీ ఇంట్లో కూచుంటాం. శ్రీమంతం నీ వాకిట్లోనే చేయాల్సి వస్తాది."

అటు వైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. శ్రీవాణి ముఖం అత్త భుజానికి ఆనించింది. రాజ్యలక్ష్మమ్మ ఒళ్ళు చెమటతో తడిసి ఉందన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆ సాయంత్రం నాగసుబ్బయ్య అంగడి నుంచి కాగితం పొట్లంలో పటిక తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. "కొత్తది. ఇప్పుడే మూటలో నుంచి తీసింది. ఎవరి కన్నూ పడలా," అన్నాడు. మందు కాచేటప్పుడు రాజ్యలక్ష్మమ్మ పక్కనే నిలబడి, తిప్పేది అట్లా కాదని, మంట తగ్గించమని, పిండి ఉండ కడుతోందని చివరిదాకా పేచీ పెట్టింది. శ్రీవాణి విసిగిపోయి గరిటె ఆమె చేతికే ఇచ్చేసింది.

శ్రీమంతానికి మగవాళ్ళు సారె బుట్టలతో జీపులో ముందు పోయారు. జీపులో చోటు లేక అత్తాకోడళ్ళు బస్సు ఎక్కారు. కడప బస్టాండులో సుబ్బరత్నమ్మ ఒక మూల, జనానికి ఎడంగా, గోడను ఆనుకుని నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. పట్టుచీర కట్టుకుంది గానీ పైన ఒళ్ళంతా కప్పి కొంగు చుట్టుకుంది, అంత ఎండలో.

ప్రొద్దుటూరు బస్సులో జనం ఎక్కువ. రాజ్యలక్ష్మమ్మ ఇద్దరు కూర్చునే సీటు పట్టి, కిటికీ వైపు చోటు చూపించింది. శ్రీవాణి వెనక సీట్లో కూర్చుంది.

"నేను వెనక్కి పోతాలే వదినా," అంది సుబ్బరత్నమ్మ నిలబడే. "అక్కడ ఒగ సీటు ఖాళీ ఉండాది. శానా ఉక్కగా ఉండాది. నీకు ఇబ్బంది."

"ఉక్క నాకూ ఉండాది. కూచో."

"అట్ల కాదు వదినా, నేను..."

"తెలుసు," అంది రాజ్యలక్ష్మమ్మ. ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "నాకు తెలుసు. కూచో."

సుబ్బరత్నమ్మ కూర్చుంది. కూర్చుని కిటికీకి అతుక్కుపోయింది, మధ్యలో ఇంకో మనిషికి చోటు మిగిలేట్టు. బస్సు కదిలింది. రాజ్యలక్ష్మమ్మ ఆ చోటు నిండేట్టు జరిగి, భుజం ఆమె భుజానికి ఆనించింది. ఆమె ఇంకొంచెం కిటికీ వైపు జరగబోయింది.

"ఇంగ జరిగితే బయటపడతావు వదినా," అంది రాజ్యలక్ష్మమ్మ. "మూడేండ్లుగా జరిగింది చాల్లే."

సుబ్బరత్నమ్మ మెల్లగా, ఒళ్ళంతా చుట్టుకున్న కొంగు వదులు చేసుకుంది. వేడిగాలి లోపలికి కొడుతోంది. ఇద్దరి రవికెలూ తడుస్తున్నాయి.